చూసే తెరకు తగిన చిత్రం: ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఛాయాచిత్రాల పరిమాణం దానంతట అదే మారే విధానం

(ప్రత్యేక వ్యాసం)

గోదావరి తీరాన వెలసిన ధర్మపురి శ్రీ లక్ష్మీనరసింహస్వామి క్షేత్రానికి 2015 జూలై 14 నుంచి 25 వరకు జరిగిన పుష్కరాలలో భక్తులు లక్షలాదిగా తరలివచ్చారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత వచ్చిన ఆ తొలి గోదావరి పుష్కరాలను అప్పటి ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖర్ రావు ధర్మపురిలోనే ప్రారంభించారు. ఆనాడు ధర్మపురి ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో భాగం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనతో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడగా, ధర్మపురి, కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరాయి. గోదావరికి తరువాతి పుష్కరాలు 2027లో వస్తాయి.

ఈ పన్నెండేళ్ళ వ్యవధిలో ప్రజలు సమాచారం తెలుసుకునే సాధనం మారింది. 2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమైన తరువాత డేటా ధరలు తగ్గి, ఇంటర్నెట్ చేతిలోని ఫోను ద్వారానే ఎక్కువమందికి అందుతోంది. స్నానఘట్టం ఎక్కడ, బస్సు ఎక్కడ ఆగుతుంది, దర్శనం వేళలేమిటి అన్న ప్రశ్నలకు జవాబును భక్తులు ఫోనులోనే వెతుకుతారు. ఉపాధి నిమిత్తం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు సొంతూరి ఉత్సవాన్ని చూసేదీ ఫోనులోనే. అందువల్ల కార్యాలయంలోని పెద్ద కంప్యూటర్ తెరపై అందంగా కనిపించే ఛాయాచిత్రం సామాన్యుని ఫోనుకు ఎంత సమయంలో, ఎంత ఖర్చుతో చేరుతున్నదన్నది పాలనాపరంగా ఆలోచించవలసిన విషయం. సందర్శకుని తెర పరిమాణాన్ని అనుసరించి చిత్రాన్ని తగిన కొలతలో పంపే సాంకేతిక విధానం ఈ సమస్యకు చాలావరకు పరిష్కారం చూపుతుంది. ఆ విధానం పనిచేసే తీరును, అది చేయలేని పనులను ఈ వ్యాసం వివరిస్తుంది.

సమస్య స్వరూపం

ప్రస్తుతం వాడుకలో ఉన్న సాధారణ కెమెరా లేదా ఫోనుతో తీసిన ఛాయాచిత్రం 4,000 పిక్సెళ్ళ వెడల్పు, 3,000 పిక్సెళ్ళ ఎత్తు కలిగి ఉంటుందనుకుందాం. అంటే అందులో 1 కోటి 20 లక్షల పిక్సెళ్ళు ఉంటాయి. తక్కువ ధర ఫోన్లలో ఎక్కువగా కనిపించే తెర వెడల్పు 720 పిక్సెళ్ళు. ఆ తెరపై ఇదే చిత్రం నిండుగా కనిపించడానికి 720 పిక్సెళ్ళ వెడల్పు, 540 పిక్సెళ్ళ ఎత్తు చాలు. ఇవి మొత్తం 3 లక్షల 88 వేల 800 పిక్సెళ్ళు మాత్రమే. పెద్ద చిత్రాన్ని యథాతథంగా పంపితే అవసరమైన దానికి దాదాపు 31 రెట్లు పంపినట్లవుతుంది. మిగిలినదంతా ఫోను దిగుమతి చేసుకొని, విప్పి, కుదించి, పారవేస్తుంది.

సమయం లెక్క కూడా ఇలాగే ఉంటుంది. 4 మెగాబైట్ల చిత్రం సెకనుకు 1 మెగాబిట్ వేగంతో రావడానికి సుమారు 32 సెకన్లు పడుతుంది. అదే చిత్రం 100 కిలోబైట్లకు తగ్గితే ఒక సెకను లోపే వస్తుంది. ఉత్సవ చిత్రమాలికలో ఇటువంటివి 20 ఉంటే, ఒక సందర్శకునికి అయ్యే డేటా 80 మెగాబైట్ల నుంచి 2 మెగాబైట్లకు తగ్గుతుంది.

సాధారణ రోజులలో మంచి నెట్‌వర్క్ ఉన్నచోట ఈ తేడా కంటికి ఆనకపోవచ్చు. పుష్కరాల వంటి సందర్భాలలో పరిస్థితి వేరు. ఒక సెల్ టవర్ అందించగల సామర్థ్యాన్ని ఆ పరిధిలోని ఫోన్లన్నీ పంచుకుంటాయి. స్నానఘట్టాల వద్ద జనం పెరిగినకొద్దీ ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది. అటువంటి వేళ అవసరానికి మించి పంపిన ప్రతి కిలోబైటూ పక్కనున్న మరొకరి సమాచారాన్ని ఆలస్యం చేస్తుంది. ఆ మరొకరు తప్పిపోయిన పిల్లవాని కోసం సహాయ కేంద్రం వివరాలు వెతుకుతున్నవారు కావచ్చు.

డేటాతోపాటు ఫోను జ్ఞాపకశక్తిపై పడే భారాన్ని కూడా గమనించాలి. జేపెగ్ పద్ధతిలో కుదించిన చిత్రం తెరపై చూపేముందు పూర్తిగా విచ్చుకుంటుంది. ఒక్కొక్క పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున, 1 కోటి 20 లక్షల పిక్సెళ్ళ చిత్రానికి 48 మెగాబైట్ల జ్ఞాపకం కావాలి. 720 పిక్సెళ్ళ ప్రతికి 1.6 మెగాబైట్ల లోపే సరిపోతుంది. 2017లో వచ్చిన జియోఫోన్ తెర 240 పిక్సెళ్ళ వెడల్పు, 320 పిక్సెళ్ళ ఎత్తు కలది. అటువంటి ఫోన్లలో పెద్ద చిత్రాలున్న పేజీ నెమ్మదించడమే కాక, ఒక్కొక్కసారి అసలు తెరుచుకోదు.

పూర్వరంగం

2000 దశకంలో రూపొందిన అనేక ప్రభుత్వ వెబ్‌సైట్ల అడుగుభాగంలో "ఈ సైటును 800 x 600 తెరపై చూడగలరు" లేదా "1024 x 768 తెరపై చూడగలరు" అనే సూచన ఉండేది. అప్పట్లో తెరలు ఇంచుమించు ఒకే కొలతలో ఉండేవి గనుక, ఆ కొలతకు సరిపడా ఒకే చిత్రాన్ని తయారు చేస్తే సరిపోయేది. 2007లో ఐఫోన్, ఆ తరువాత ఆండ్రాయిడ్ ఫోన్లు రావడంతో ఈ పద్ధతికి కాలం చెల్లింది. 2010లో వచ్చిన ఐఫోన్ 4 తెర, అంతకుముందున్న తెర కొలతలోనే, వెడల్పునా ఎత్తునా రెట్టింపు పిక్సెళ్ళు ఇమిడ్చింది. దీనితో తెర ఎంత పెద్దదన్నదే కాక, అందులో పిక్సెళ్ళు ఎంత దట్టంగా ఉన్నాయన్నది కూడా లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది.

2010 మే నెలలో అమెరికాకు చెందిన వెబ్ రూపశిల్పి ఎతన్ మార్కాట్ తెరను బట్టి పేజీ అమరిక దానంతట అదే మారే పద్ధతిని ప్రతిపాదించి, దానికి 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' అని పేరు పెట్టారు. పేజీ అమరికతోపాటు చిత్రం కూడా తెరకు తగినట్లు ఒదిగి కనిపించసాగింది. అయితే అది కనిపించడంలోనే చిన్నదైంది. సర్వర్ నుంచి ఫోనుకు వచ్చేది మాత్రం పాత పెద్ద చిత్రమే. ఆ లోటును పూరించడానికి రెండు మార్గాలు ముందుకు వచ్చాయి.

మొదటి మార్గం: సర్వర్ నిర్ణయించే పద్ధతి

2011లో మాట్ విల్కాక్స్ రూపొందించిన 'అడాప్టివ్ ఇమేజెస్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ మార్గానికి ప్రసిద్ధ ఉదాహరణ. పేజీ తెరుచుకోగానే ఒక చిన్న జావాస్క్రిప్ట్ ఆదేశం సందర్శకుని తెర కొలతను తెలుసుకొని కుకీలో నమోదు చేస్తుంది. ఆ తరువాత చిత్రం కోసం వచ్చే ప్రతి అభ్యర్థనను సర్వర్ ఒక పీహెచ్‌పీ కార్యక్రమానికి మళ్ళిస్తుంది. ఆ కార్యక్రమం కుకీలోని కొలతను చూసి, ముందుగా నిర్ణయించిన పరిమాణాలలో తగినదానిని ఎంపిక చేస్తుంది. ఆ పరిమాణంలో ప్రతి సిద్ధంగా లేకపోతే అప్పటికప్పుడు తయారు చేసి, ప్రత్యేక ఫోల్డరులో భద్రపరచి పంపుతుంది. అదే కొలత తెర కలిగిన మరొకరు వస్తే భద్రపరచిన ప్రతినే అందిస్తుంది.

ఈ పద్ధతిలోని ప్రధాన సౌలభ్యం ఏమిటంటే, అప్పటికే ఉన్న వేలాది పేజీలను ఒక్కొక్కటిగా తిరగరాయనవసరం లేదు. చిత్రాల చిరునామాలు మారవు. సర్వర్‌లో ఒకచోట అమర్చితే పాత పేజీలన్నిటికీ వర్తిస్తుంది. ఏళ్ళ తరబడి పేరుకుపోయిన పత్రికా ప్రకటనలు, ఛాయాచిత్రాలు ఉన్న శాఖలకు ఇది ఆకర్షణీయమైన విషయమే.

అయితే ఇందులో మూడు లోపాలున్నాయి. మొదటిది, తెర కొలతకు, పేజీలో చిత్రం ఆక్రమించే స్థలానికి తేడా ఉంటుంది. 1,920 పిక్సెళ్ళ తెరపై మూడు వరుసల అమరికలో ఒక్కొక్క చిత్రం 400 పిక్సెళ్ళ వెడల్పులోనే కనిపించవచ్చు. తెరను మాత్రమే చూసే సర్వర్ అక్కడికి కూడా పెద్ద చిత్రాన్నే పంపుతుంది. రెండవది, బ్రౌజర్లు వేగం కోసం చిత్రాలను ముందుగానే కోరతాయి. కుకీ నమోదు కాకముందే ఆ అభ్యర్థన వెళ్ళిపోతే తగని ప్రతి రావచ్చు. మూడవది, పెద్ద చిత్రానికి, చిన్న చిత్రానికి చిరునామా ఒకటే కావడం వల్ల, నడుమ ఉండే నిల్వ సర్వర్లు ఫోను కోసం తయారైన ప్రతిని కంప్యూటర్‌కు ఇచ్చే ప్రమాదం ఉంది. అదే జరిగితే జగిత్యాలలోని పాత్రికేయుడు కంప్యూటర్‌పై తెరిచిన చిత్రం మసకగా కనిపిస్తుంది.

రెండవ మార్గం: బ్రౌజర్ ఎంచుకునే పద్ధతి

రెండవ మార్గంలో సర్వర్ ఊహించదు. ఒకే చిత్రానికి 360, 720, 1,080, 1,600 పిక్సెళ్ళ వెడల్పులలో నాలుగు ప్రతులు ముందే తయారై ఉంటాయి. వాటి చిరునామాలను, వెడల్పులను పేజీలోని 'ఎస్ఆర్‌సీ సెట్' అనే సూచనలో వరుసగా పేర్కొంటారు. ఆ చిత్రం పేజీలో ఎంత వెడల్పు ఆక్రమిస్తుందో 'సైజెస్' అనే మరొక సూచన తెలుపుతుంది. తన తెర ఏమిటో బాగా తెలిసిన బ్రౌజర్ ఈ రెండింటినీ చూసి ఒక్క ప్రతిని మాత్రమే కోరుతుంది.

ఉదాహరణకు, ఫోను తెర 360 ప్రమాణాల వెడల్పుతో, రెండింతల సాంద్రతతో ఉంటే బ్రౌజర్‌కు 720 పిక్సెళ్ళు కావాలి. అది రెండవ ప్రతిని తీసుకుంటుంది. పెద్ద కంప్యూటర్‌లో చిత్రం స్థలం 400 పిక్సెళ్ళే అయితే, అక్కడ కూడా 720 పిక్సెళ్ళ ప్రతి సరిపోతుంది. ప్రతి పరిమాణానికీ చిరునామా వేరు కనుక నిల్వ సర్వర్లు పొరబడవు.

ఈ ప్రమాణం రూపొందడంలో స్వచ్ఛంద నిపుణుల కృషి ఎంతో ఉంది. బ్రౌజర్‌లో ఈ సదుపాయాన్ని పొందుపరచే పనిని చేపట్టిన యోవ్ వైస్‌కు వెబ్ నిపుణులు విరాళాలతో తోడ్పడ్డారు. 2014లో క్రోమ్‌లో ప్రవేశించిన ఈ సదుపాయం క్రమంగా ఇతర బ్రౌజర్లకు వ్యాపించింది. 2015 డిసెంబరులో విడుదలైన వర్డ్‌ప్రెస్ 4.4లో ఇది ఏ ప్రత్యేక అమరికా లేకుండానే పనిచేయసాగింది. అధికారి ఒక చిత్రాన్ని అప్‌లోడ్ చేస్తే చాలు, మిగిలిన ప్రతులను సాఫ్ట్‌వేర్ తయారు చేసి పేజీలో నమోదు చేస్తుంది. 2019లో క్రోమ్ బ్రౌజర్ మరొక సౌకర్యాన్ని చేర్చింది. సందర్శకుడు పేజీని కిందికి జరుపుతూ చిత్రం దగ్గరకు వచ్చేవరకు దానిని కోరకుండా ఆగమని ఒక్క మాటలో ఆదేశించవచ్చు.

జాతీయ సమాచార కేంద్రం రూపొందించిన 'ఎస్3వాస్' వేదికపై జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల అధికారిక వెబ్‌సైట్లు నడుస్తున్నాయి. తెరను బట్టి అమరిక మారే నమూనాలు ఈ వేదికలో సిద్ధంగా లభిస్తాయి. 2009లో తొలిసారి వెలువడి, 2019లోను, 2023లోను సవరణ పొందిన భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు కూడా వివిధ పరికరాలలో సమాచారం సక్రమంగా అందాలని నిర్దేశిస్తున్నాయి.

యంత్రం చేయలేని పని

పరిమాణం మార్చడం యంత్రం పని. ఏ చిత్రాన్ని కుదించవచ్చో, దేనిని కుదించరాదో నిర్ణయించడం మనిషి పని. ఆలయ గోపురం, ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాల ఊరేగింపు వంటి చిత్రాలు చిన్నవైనా అర్థం చెడదు. స్నానఘట్టాల పటం విషయం అలా కాదు.

4,000 పిక్సెళ్ళ వెడల్పున్న పటంలో అక్షరాల ఎత్తు 40 పిక్సెళ్ళు ఉందనుకుంటే, 720 పిక్సెళ్ళకు కుదించినప్పుడు అది 7 పిక్సెళ్ళకు పడిపోతుంది. తెలుగు లిపిలో తలకట్టుపైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. 7 పిక్సెళ్ళలో గుడికి, గుడిదీర్ఘానికి తేడా తెలియదు. ఒత్తు ముద్దగా మారుతుంది. పటం వేగంగా తెరుచుకుంటుంది గాని, చదవడానికి వీలుండదు. కనుక పటాలకు ఫోను కోసం నిలువు అమరికలో, పెద్ద అక్షరాలతో వేరొక పటాన్ని తయారు చేయించాలి. చిన్న తెరకు ఒక చిత్రం, పెద్ద తెరకు మరొక చిత్రం చూపే 'పిక్చర్' అనే సూచన ఇందుకోసమే ఉన్నది. పటాన్ని గీతల రూపంలో భద్రపరచే ఎస్‌వీజీ పద్ధతిలో ఇస్తే, సందర్శకుడు ఎంత పెద్దది చేసి చూసినా గీతలు చెదరవు. అన్నిటికంటే ముఖ్యంగా, ఘాట్ల పేర్లను, దారి వివరాలను పటం కింద మామూలు అక్షరాలలో కూడా ఇవ్వాలి.

ఉత్తర్వులను, ప్రకటనలను, గోడపత్రికలను చిత్రాలుగా పెట్టే అలవాటు కూడా ఇక్కడ పరిశీలించదగినది. అను వంటి డీటీపీ అక్షరాలతో తయారైన తెలుగు ప్రకటన ఇతరుల కంప్యూటర్‌లో సరిగా కనిపించేది కాదు. అందువల్ల దానిని చిత్రంగా మార్చి పెట్టడం పరిపాటి అయింది. యూనికోడ్ తెలుగు దాదాపు ప్రతి ఫోనులోను కనిపించే ఈ కాలంలో ఆ అవసరం లేదు. చిత్రంలోని అక్షరాలను శోధన యంత్రాలు సరిగా పట్టుకోలేవు. దృష్టిలోపం ఉన్నవారు వాడే చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది కేవలం ఒక బొమ్మ. పాత్రికేయుడు అందులోని వాక్యాన్ని తిరిగి టైపు చేసుకోవలసి వస్తుంది. అదే ప్రకటనను యూనికోడ్‌లో ఇస్తే కొద్ది కిలోబైట్లలో ఇమిడిపోతుంది. దాని పరిమాణం మార్చే ప్రసక్తే రాదు.

వస్త్రాల చిత్రాలకు మరొక జాగ్రత్త అవసరం. సిరిసిల్ల మగ్గాలపై నేసిన చీర అంచులో సన్నని గీతలు క్రమం తప్పకుండా వస్తుంటాయి. పిక్సెళ్ళను నడుమ నడుమ వదిలివేస్తూ కుదిస్తే, నేతలో లేని చారలు, అలలు బట్టపై కనిపిస్తాయి. చుట్టుపక్కల పిక్సెళ్ళ సగటు తీసుకొని కుదించే సాఫ్ట్‌వేర్‌తో ఈ దోషం చాలావరకు తొలగిపోతుంది. ఉత్పత్తుల చిత్రాలను వెబ్‌సైట్‌లో ఉంచే శాఖలు ఒకటి రెండు నమూనాలను ఫోనులో స్వయంగా చూసి నిర్ధారించుకోవడం మంచిది. కొనుగోలుదారు చూసేది మగ్గం మీది బట్టను కాదు, తెర మీది బట్టను.

మూలప్రతిని కాపాడుకోవాలి

అగ్గిపెట్టెలో పట్టే చీరను నేసిన ఖ్యాతి సిరిసిల్ల నేత కళాకారులది. అగ్గిపెట్టెలో నుంచి తీసి విప్పితే అది మళ్ళీ నిండు చీరే. ఒక్క పోగు కూడా తగ్గదు. కుదించిన ఛాయాచిత్రం అటువంటిది కాదు. 720 పిక్సెళ్ళకు తగ్గించినప్పుడు పోయిన వివరం తిరిగి పెద్దది చేసినంత మాత్రాన రాదు. జేపెగ్ చిత్రాన్ని తెరిచి మళ్ళీ మళ్ళీ భద్రపరచిన కొద్దీ నాణ్యత మరింత క్షీణిస్తుంది. అందువల్ల స్వయంచాలక విధానం ఎప్పుడూ మూలప్రతి నుంచే చిన్న ప్రతులను తీయాలి. మూలప్రతిపై చిన్నదానిని రాసివేయరాదు.

ఇది పత్రికలకు నేరుగా సంబంధించిన విషయం. అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించాలంటే 15 సెంటీమీటర్ల వెడల్పు చిత్రానికి దాదాపు 1,770 పిక్సెళ్ళు కావాలి. 720 పిక్సెళ్ళ ప్రతి 6 సెంటీమీటర్లకు మించి ముద్రణకు పనికిరాదు. సందర్శకులకు చిన్న ప్రతిని చూపుతూనే, ముద్రణ కోసం మూలప్రతిని పొందడానికి చిత్రం కింద ప్రత్యేక లింకు ఇవ్వడం ఉభయులకూ ప్రయోజనకరం.

మూలప్రతిలో చిత్రంతోపాటు మరికొంత సమాచారం దాగి ఉంటుంది. తీసిన తేదీ, శీర్షిక, ఛాయాగ్రాహకుని పేరు వంటివి పరిమాణం మార్చేటప్పుడు తొలగిపోవచ్చు. కెమెరాను నిలువుగా పట్టుకున్నట్లు తెలిపే గుర్తు పోయినప్పుడు చిత్రం పక్కకు వాలి కనిపిస్తుంది. మరోవైపు, ఫోనుతో తీసిన చిత్రంలో ఆ స్థలపు అక్షాంశ రేఖాంశాలు కూడా నమోదై ఉండవచ్చు. సంక్షేమ పథకాల లబ్ధిదారుల ఇళ్ళ వద్ద తీసిన చిత్రాలలో ఈ వివరం బహిరంగం కావడం తగదు. మూలప్రతిని పత్రికలకు ఇచ్చేముందు స్థల వివరాన్ని తొలగించి, శీర్షికను, తేదీని నిలుపుకోవాలి.

కార్యాలయాలు గమనించవలసిన అంశాలు

1. వెబ్‌సైట్‌లోని ఒక పేజీని తక్కువ ధర ఫోనులో, కార్యాలయపు వైఫై లేకుండా, మొబైల్ డేటాపై తెరిచి చూడాలి. చిత్రాలన్నీ కనిపించడానికి పట్టిన సమయమే తొలి పరీక్ష.

2. ఛాయాచిత్రాలకు మూడు నాలుగు నిర్ణీత పరిమాణాలు మాత్రమే ఉండాలి. కోరిన ప్రతి కొలతకూ కొత్త ప్రతిని తయారుచేసే వీలు ఉంచితే, దురుద్దేశంతో వేలాది కొలతలు కోరి సర్వర్‌ను స్తంభింపజేసే అవకాశం ఉంటుంది.

3. ఉత్సవాలకు సంబంధించిన ప్రతులను రద్దీకి ముందే తయారు చేసి ఉంచాలి. లక్షలమంది పేజీ తెరిచే వేళ సర్వర్ చిత్రాలను కుదిస్తూ కూర్చోరాదు.

4. పాత పేజీలకు సర్వర్ పద్ధతి తాత్కాలికంగా ఉపయోగపడినా, కొత్త పేజీలకు బ్రౌజర్ ఎంచుకునే పద్ధతినే అనుసరించాలి.

5. పటాలు, పట్టికలు, గోడపత్రికలు స్వయంచాలక కుదింపుకు వదలరాదు. వాటిలోని విషయాన్ని యూనికోడ్ తెలుగులో ఇవ్వాలి.

6. ప్రతి చిత్రానికీ దానిలో ఏమున్నదో తెలిపే ఒక వాక్యాన్ని జతచేయాలి. చిత్రం రాకపోయినా, చూడలేనివారికైనా ఆ వాక్యం విషయాన్ని చేరవేస్తుంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 స్ఫూర్తి కూడా ఇదే.

7. మూలప్రతులను తేదీ, శీర్షికలతో వేరుగా భద్రపరచాలి. నేటి ఉత్సవ చిత్రం రేపటి చరిత్రకు ఆధారం.

ఈ పనులలో దేనికీ ప్రత్యేక యంత్రాలు అవసరం లేదు. కావలసిన సాఫ్ట్‌వేర్ చాలావరకు ఉచితంగానే లభిస్తున్నది. 2027 నాటికి గోదావరి తీరానికి వచ్చే భక్తుని చేతిలో ఏ ఫోను ఉంటుందో ఏ శాఖా నిర్ణయించలేదు. ఆ ఫోను ఏదైనా, ఘాట్‌కు దారి చూపే పేజీ కొద్ది క్షణాలలో తెరుచుకునేలా చేయడం మాత్రం వెబ్‌సైట్ నిర్వహించే కార్యాలయం చేతిలోనే ఉంది.